18 రోజులైనా నెలసరి ఆగడం లేదు, గర్భసంచి తీయించుకోవాల్సిందేనా?

నాకు 46 ఏళ్లు, బడిలో టీచర్‌ని. ఏడాదిగా నెలసరి లెక్క తప్పింది. రెండు నెలలు రాదు, వస్తే ఒక పట్టాన ఆగదు. ఈసారి ఇవాళ్టికి 18వ రోజు. మొదటి వారం గంటకో ప్యాడ్, నిమ్మకాయంత గడ్డలు. మొన్న బోర్డు మీద లెక్క చేస్తుంటే చీర తడిసిందని తెలిసింది. బెల్లు కొట్టేదాకా గోడకు ఆనుకునే నిలబడ్డాను. ఇప్పుడన్నీ ముదురు రంగు చీరలే, బ్యాగులో ఎప్పుడూ ఓ పాత తువ్వాలు.

హిమోగ్లోబిన్ 7.9కి పడిపోయింది. మెట్లెక్కితే గుండె దడ. థైరాయిడ్ బాగానే ఉంది. స్కానింగ్‌లో 3 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే గడ్డ) కనిపించింది, గర్భసంచి లోపలి పొర కూడా మందంగా ఉందన్నారు. రక్తస్రావం తగ్గడానికి ఇచ్చిన ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు వేసుకున్నన్నాళ్లు తగ్గుతుంది, మానగానే మళ్లీ మామూలే.

ఒక డాక్టరమ్మ ముందు ఆ పొర ముక్క తీసి బయాప్సీకి పంపుదామన్నారు, క్యాన్సర్ కాదని తేలితే హార్మోన్ లూప్ (రక్తస్రావం తగ్గేలా గర్భసంచి లోపల పెట్టే చిన్న సాధనం) వేద్దామన్నారు. ఇంకో ఆసుపత్రిలో ఐదు నిమిషాలు చూసి "పిల్లలున్నారుగా, తీసేద్దాం" అన్నారు. మా అత్తగారిదీ అదే మాట. మా ఊళ్లో ముప్పై దాటగానే తీయించుకున్నవాళ్లు వీధికి నలుగురున్నారు లెండి!

బయాప్సీ వచ్చే బుధవారం. నొప్పి ఎంత ఉంటుంది? మర్నాడు బడికి వెళ్లగలనా? లూప్ వేయించుకున్నవాళ్లకు మరకలు ఎన్నాళ్లు కనిపించాయి? ఐరన్ మాత్రలు నాకు పడటం లేదు, ఒకటే మలబద్ధకం. ఐరన్ సెలైన్‌లో ఎక్కించుకున్నవాళ్లు ఎన్నాళ్లకు తేరుకున్నారు? కంగారు పెట్టకుండా, మీకు జరిగింది జరిగినట్టు చెప్పండి.