డాన్యూబ్ లోయలో రెండు మీటర్ల రూలు: కాలిబాట మీద గ్రావెల్ సైకిల్ (కంకర దారుల్లో తొక్కే సైకిల్) ఎక్కొచ్చా, కూడదా?

కొండవీటి సైకిల్:
పోయిన ఆదివారం దక్షిణ జర్మనీలోని టుట్లింగెన్‌లో రైలు దిగి, ఎగువ డాన్యూబ్ నేచర్ పార్కులో సిగ్మరింగెన్ దాకా తొక్కాను. 50 కిలోమీటర్ల పైచిలుకు. ఫ్రీడింగెన్ దాటాక బోయిరోన్ వరకు లోయలో కార్ల రోడ్డే లేదు. రెండు వైపులా తెల్లటి సున్నపురాయి కొండలు, మధ్యలో నది, నది ఒడ్డున కంకర దారి. 40 మిల్లీమీటర్ల టైరు కింద కంకర నలిగే చప్పుడొక్కటే. అక్కడిదాకా స్వర్గం.

బోయిరోన్ మఠం దగ్గర కాఫీ తాగి, పైనుంచి లోయ ఎలా ఉంటుందో చూద్దామని అడవిలోకి ఎక్కాను. ముందు కలప లారీలు తిరిగే వెడల్పు దారి. రెండు మలుపులు తిరిగేసరికి సన్నబడింది, వేర్లు, తడి ఆకులు. ఎదురుగా డెబ్బై దాటిన జంట. నేను దిగి, సైకిల్ చెట్టుకి ఆనించి దారిచ్చాను. పెద్దాయన మాట్లాడకుండా చేతికర్ర తీసి దారికి అడ్డంగా నేల మీద పెట్టాడు. ఒక కర్ర, ఇంకో అర కర్ర. తలెత్తి "త్స్వై మీటర్!" అన్నాడు. రెండు మీటర్లు లేదు కదా, దిగి నడువు అని.

ఇంటికొచ్చి చదివితే నిజమే. ఈ లోయ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రపు అటవీ చట్టం 37వ సెక్షన్ ప్రకారం, అడవిలో 2 మీటర్ల కన్నా సన్నటి దారిలో సైకిల్ తొక్కకూడదు. 1995 నుంచీ ఉందట. పక్కనున్న బవేరియాలో ఈ కొలత లేదు. అంటే రాష్ట్రం సరిహద్దు దాటితే అదే చెట్టు, అదే దారి, అదే నేను, తప్పు మాత్రం ఉండదు! పద్ధతిగా తొక్కేవాణ్ణి కొలబద్ద చూపించి దింపడం అన్యాయం అంటాను. మీరేమంటారు?

ఓరుగల్లు పోరడు:
అన్నా, నువ్వు చెప్పింది వంద శాతం కరెక్ట్. నేను ట్యూబింగెన్‌ల ఉంట, వారం వారం అడవిల తొక్కుత. ఈ రూలు తీసెయ్యమని పదేండ్ల కిందనే 50 వేల మందికి పైగా సంతకాలు పెట్టి ఇక్కడి శాసనసభకు ఇచ్చిన్రు. ఏం కాలే. ఫారెస్టోళ్లు కావాలంటే ఫలానా దారికి మినహాయింపు ఇయ్యొచ్చని మాత్రం చట్టంలనే ఉన్నది. అంటే మొత్తం అడవి బంద్, అడుక్కుంటే ఒక ముక్క.

అసలు దారి రెండు మీటర్లున్నదా అని ఎక్కడ కొలవాలె? మొదట్ల రెండున్నర ఉంటది, బండరాయి కాడ ఒకటిన్నర, మళ్ల మూడు. హ్యాండిల్‌బార్‌కు టేపు కట్టుకొని తిరగాల్నా?

నడకే నయం:
ఆ లోయలోనే ఆరేళ్లుగా ఉంటున్నాను, టుట్లింగెన్‌లో ఆపరేషన్ పరికరాలు చేసే కంపెనీలో ఉద్యోగం. ఇక్కడ సగం ఊరు అదే పని లెండి. నాకు సైకిల్ ఉంది, కానీ కొండ మీదకి నడిచే వెళ్తాను. అందుకే రెండో వైపు చెప్పాలి.

రెండేళ్ల కింద మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు ఇర్న్‌డోర్ఫ్ ఊరి దగ్గరున్న ఐష్‌ఫెల్సెన్ అనే కొండరాయి చూపించడానికి తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పి, అయినా మెల్లిగా నడిచింది. దిగేటప్పుడు వెనకనుంచి ఒక ఈ-బైక్ (కరెంటు సైకిల్), బెల్లు లేదు, కేక లేదు. అమ్మ ఒక్క గెంతు గెంతి పొదలో పడింది. దెబ్బ పెద్దది కాదు. కానీ ఆ తర్వాత తను ఉన్న నెల రోజులూ అడవికి రానంది. ప్రతి రెండు నిమిషాలకీ వెనక్కి తిరిగి చూస్తూ నడవడం నడకా?

ఇంకో సంగతి. ఆ కొండ రాళ్లలో పెరిగ్రిన్ డేగలు, పెద్ద జాతి గుడ్లగూబలు గూడు పెడతాయి. అందుకని రాళ్లెక్కే వాళ్లకి కూడా ఎక్కడ ఎక్కాలో, ఎప్పుడు ఎక్కకూడదో కట్టుబాట్లున్నాయి. వాళ్లు పాటిస్తున్నారు. మీకు కింద నది పొడుగునా కార్లు లేని దారి పరిచి పెట్టారు. పైన మిగిలిన ఆ మూరెడు కూడా కావాలా?

ఓరుగల్లు పోరడు:
అక్కా, అమ్మకు అట్ల కావుడు బాధనే. కాని ఆ మనిషి వెడల్పు దారిల గూడ అట్లనే తొక్కుతడు. తప్పు మనిషిది, దారిది కాదు. పోలీసులు లేని రోడ్డు మీద ఒకడు తాగి నడిపిండని ఊరందరి బండ్లు గుంజుకుంటరా?

పుంతబాట:
నేను ఇంగొల్‌స్టాట్‌లో ఉంటాను, బవేరియా. మాకు దగ్గరిది ఆల్ట్‌మ్యూల్ లోయ, అదీ నేచర్ పార్కే, 1969లో ఏర్పడింది. జోల్న్‌హోఫెన్ దగ్గర "పన్నెండు మంది అపొస్తలులు" అనే రాళ్ల వరస కిందుగా నది పక్కనే కంకర దారిలో తొక్కుతాం. పిల్లల ట్రాలీ కట్టుకుని కూడా వెళ్లొచ్చు, అంత చదును.

మా రాష్ట్ర రాజ్యాంగం 141వ అధికరణంలో ప్రకృతిని ఆస్వాదించే హక్కు అందరికీ ఉందని రాసుంది. కాబట్టి మీటర్ల లెక్క లేదు, దారి సైకిల్‌కి "తగినదై" ఉండాలంటారు. సరే, మరి తగినది అంటే ఏమిటి? దానికీ గొడవే. మీరు అనుకున్నంత సుఖం ఇక్కడా లేదు.

నాకు మటుకు ఈ వాదన చూస్తే మన ఊళ్లే గుర్తొస్తాయి. మా గోదావరి వైపు పుంత, గుంటూరు వైపు డొంక అంటారు. బండి పోయేది బండిబాట, మనిషి పోయేది కాలిబాట. ఏది ఏదో చెప్పడానికి మా తాతకి ఎప్పుడూ టేపు అక్కర్లేదు, దాని మీద ఏం నడిచిందో చూస్తే చాలు: చక్రాల గాడి ఉందా, అడుగుల జాడ ఉందా. ఆ చట్టం రాసినవాళ్లు చెప్పాలనుకున్నది కూడా ఇదే అయ్యుంటుంది. కాలిబాటకి పేరు లేక అంకె పెట్టారు.

గండిపేట గాలి:
అయ్యా, హైదరాబాద్ నుంచి ఒక మాట. మాకు కార్లు లేకుండా తొక్కాలంటే ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో 23 కిలోమీటర్ల పొడుగున వేసిన సైకిల్ ట్రాక్ ఉంది. పైన సోలార్ పలకలు, కింద నీడ. బాగుంటుంది, కాదనను. కానీ మట్టి, కొండ, నీళ్లు కావాలంటే మూసీ పుట్టే అనంతగిరి వైపు పోవాలి. ఆదివారం అక్కడ మనకన్నా ముందు కార్లు చేరతాయి. మీరు రెండు మీటర్ల కోసం తగువు పడుతున్నారు, మాకు హారన్ లేని రెండడుగులు దొరికితే పండగ. కానివ్వండి, చదువుతున్నాను.

కొండవీటి సైకిల్:
పుంతబాట గారూ, డొంక మాట భలే గుర్తు చేశారు. కానీ అడుగుల జాడ చూసి తేల్చుకోమంటే ఆ పెద్దాయనకీ నాకూ మళ్లీ తగువే కదా? ఆయనకి అది కాలిబాట, నాకు బండిబాట.

ఇంకో అనుమానం. అడవి సొంతదారులు కూడా ఈ రూలుకే మొగ్గుతారట. ఎవరైనా పడితే కేసు తమ మీద పడుతుందని వాళ్ల భయమా?

ఓరుగల్లు పోరడు:
ఆ భయం పాతది. చెట్టు కొమ్మ విరిగి పడుడు, వేరు తట్టుడు లాంటివి అడవిల మామూలు ప్రమాదాలు, వాటికి ఓనర్ బాధ్యుడు కాదని ఇక్కడి ఫెడరల్ కోర్టు 2012లనే తేల్చింది. దారిల నడిచే మనిషి మీద కొమ్మ పడ్డ కేసది. దేశమంతటికీ ఉన్న అటవీ చట్టంల గూడ అడవికి ఎవని రిస్క్ మీద వాడే పోవాలని ఉన్నది.

నడకే నయం:
కేసుల మాటొచ్చింది కాబట్టి చెప్తాను. మా డాన్యూబ్ ఇమ్మెండింగెన్ దగ్గర భూమిలోకి ఇంకిపోతుంది. ఎండాకాలంలో నది అడుగున ఎండిన రాళ్ల మీద చెప్పులేసుకుని నడవొచ్చు. ఆ నీరు కొండ కింద నుంచి పోయి ఆఖ్ ఊళ్లో పైకొచ్చి రైన్‌లో కలుస్తుంది. రంగు, ఉప్పు కలిపి చూసి 1877లో రుజువు చేశారు. ఆ నీళ్లు ఎవరివని అప్పట్లో వేరువేరు రాష్ట్రాలైన వుర్టెంబెర్గ్, బాడెన్ కోర్టుకెక్కాయి, 1927లో తీర్పొచ్చింది. కనపడని నీళ్ల కోసమే లాయర్లని పెట్టుకున్న మనుషులు, కనపడే దారిని కర్రతో కొలవరా? మీ పెద్దాయన్ని ఏమీ అనకండి.

అంకె తెలివైనదని నేను అనట్లేదు. కానీ ఎదుటివాడితో వాదించకుండా తేలిపోయేది అంకె ఒక్కటే. "తగినదా కాదా" అంటే గట్టిగా అరిచేవాడు గెలుస్తాడు. మా అమ్మ అరవలేదు.

కొండవీటి సైకిల్:
అక్కా, ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. నేను ఒక మెట్టు దిగుతాను: సన్నదారిలో కిందకి దిగేటప్పుడు తొక్కకూడదు, ఎవరైనా సరే. ఎక్కేటప్పుడు గంటకి ఆరేడు కిలోమీటర్లు కూడా రాదు, నడిచేవాళ్లతో సమానం. ఎక్కడానికి వదిలి, దిగడానికి ఆపితే?

నడకే నయం:
ఎక్కినవాడు మళ్లీ అదే దారిన దిగడని ఎవరు చూస్తారు? అయినా ఎక్కేవాళ్లతో నాకెప్పుడూ పేచీ రాలేదు, అది ఒప్పుకుంటాను. ఆయాసంతో పలకరిస్తారు కూడా.

ఓరుగల్లు పోరడు:
నేనైతే దిగుడు ఇడువ. ఎక్కేదే దిగుటానికి!

పుంతబాట:
దసరా వారాంతానికి నేను అటు వస్తున్నాను, ఇద్దరు పిల్లలతో. పైనున్న వీల్డెన్‌స్టైన్ కోటకి సన్నదారి తొక్కకుండా చేరొచ్చా?

నడకే నయం:
చేరొచ్చు, లైబర్టింగెన్ మీదుగా రోడ్డే ఉంది. కోటలోనే యూత్ హాస్టల్, ముందే బుక్ చేసుకోండి. లోయ నుంచి పైకి ఎక్కుడు మాత్రం గట్టిది, పిల్లల చేత సైకిళ్లు తోయించకండి. వానపడితే ఆ తెల్ల కంకర ముగ్గుపిండిలా మెత్తగా అయి చైనుకి పట్టేస్తుంది, పాత టూత్‌బ్రష్ ఒకటి తెచ్చుకోండి.