కొండ దారిలో రోజుకు 250 కిలోమీటర్లు: ప్లానా, పేరాశా?

ఘాట్‌బండి
నాలుగు బండ్లు, ఆరుగురు మనుషులు. ఆరు రోజుల్లో 1,500 కి.మీ., అంటే సగటున రోజుకు 250. రెండు 350 సీసీ బండ్లకు వెనక మనిషి కూడా ఉంటారు. మిగతావి ఒక 200 సీసీ ఎఫ్‌ఐ (పెట్రోలును సెన్సర్ల లెక్కతో చిమ్మేది), ఒక పాత 150 సీసీ కార్బురేటర్ బండి. రెండో రాత్రి 1,900 మీటర్ల ఎత్తులో, మూడో రాత్రి 3,400లో బస. నాలుగో రోజు 3,900 మీటర్ల కనుమ దాటాలి. మ్యాప్ ప్రకారం ఏ రోజూ ఆరున్నర గంటలు మించడం లేదు. కిలోమీటర్లు బిగించి గదులన్నీ ముందే బుక్ చేద్దామని సగం మంది, గంటల లెక్కన వేసి చివర ఎక్కడ తేలితే అక్కడ ఆగుదామని సగం మంది. తెలిసినవాళ్ళు తేల్చండి.

మలుపుమీదమలుపు
మ్యాప్ చూపే ఆరున్నర గంటలు ఎక్కడా ఆగని వాహనానివి. నాలుగు బండ్ల గుంపు అలా పోదు. ముందు వెలుతురు లెక్క వేయండి. పగలు 12 గంటలు అనుకుంటే, పొద్దున మంచు, తడి ఆరడానికి ఒక గంట వదలండి, సాయంత్రం రెండు గంటలు వదలండి. లోయలో ఉన్నవాళ్ళకు సూర్యుడు పంచాంగం సమయానికి కాదు, ఎదురు కొండ వెనక్కి పోయినప్పుడు అస్తమిస్తాడు. మిగిలింది తొమ్మిది గంటలు. గంటన్నరకోసారి పది నిమిషాలు, భోజనం, పెట్రోలు, ఫొటోలు, ఒకరి గ్లవ్స్ కోసం ముగ్గురు నిలబడటం, ఇవన్నీ కలిపి మూడు గంటలు ఎటూ పోతాయి. చక్రం తిరిగేది ఆరు గంటలు.

ఇప్పుడు వేగం. మంచి తారు, మామూలు వంపులు అయితే సగటు 40. హెయిర్‌పిన్‌లు, అంటే వెనక్కి తిరిగే ఇరుకు మలుపులు, వరసగా ఉంటే 25–30. తారు లేచిపోయిన చోట, కంకర మీద 15–20. ఆల్ప్స్‌లో స్టెల్వియో కనుమ తీసుకోండి, 2,757 మీటర్లు. ప్రాటో వైపు నుంచి 24 కి.మీ.లో 48 హెయిర్‌పిన్‌లు, 1,800 మీటర్ల ఎక్కుడు. అక్కడున్నది నున్నని తారే, అయినా అరకిలోమీటరుకో హెయిర్‌పిన్ ఉన్న దారిలో సామానుతో, వెనక మనిషితో గంటకు 35 సగటు తీయడమంటే చాలా గట్టిగా నడపాలి. ఆరు గంటలను 28తో గుణించండి, 168. మీ 250 ఎక్కడ?

నాన్‌స్టాప్
గుణకారం బాగుంది కానీ ఆరు రోజుల దారీ హెయిర్‌పిన్‌లే అన్నట్టుంది. మొదటి రోజు, చివరి రోజు సగానికి పైగా మైదానం ఉంటుంది కదా. అక్కడ 300 కూడా పోవచ్చు. ఇంకో మాట. కొండల్లో బస ఎక్కడనేది మన గంటలు నిర్ణయించవు. కనుమకు ఇటు ఒక ఊరు, అటు ఒక ఊరు, మధ్యలో ఏమీ ఉండదు. “ఎక్కడ తేలితే అక్కడ” అనుకుని బయల్దేరినవాళ్ళు చీకటి పడ్డాక తేలతారు. రోజుకు 160 అంటే ఆరు రోజుల దారి తొమ్మిది రోజులకు పైనే. రోజులు పెరిగితే వాన పట్టే రోజులూ పెరుగుతాయి. పైగా దిగేటప్పుడు వేగం వస్తుంది, ఎక్కుడులో పోయిన సమయం అక్కడ కలిసొస్తుంది.

పానా12
“దిగేటప్పుడు కలిసొస్తుంది” అన్న లెక్కతోనే బ్రేకులు కాలుతున్నాయి. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి 300 కిలోలు అనుకోండి. 1,000 మీటర్లు దిగితే దాదాపు 29 లక్షల జౌళ్ళ శక్తిని ఎక్కడో ఒకచోట పారబోయాలి. చల్లని నీళ్ళు లీటరుకు పైగా మరిగించి, చుక్క మిగలకుండా ఆవిరి చేసేంత వేడి అది. కొంత గాలి తీసుకుంటుంది, కొంత ఇంజను తీసుకుంటుంది. మిగిలిందంతా బ్రేకు డిస్కుకీ, దాన్ని నొక్కే ప్యాడ్లకీ పోతుంది.

ముందు ప్యాడ్ పైపూత కాలి పట్టు తగ్గుతుంది, లివర్ గట్టిగానే ఉన్నా బండి ఆగదు. తర్వాత బ్రేకు ఆయిల్ మరుగుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా ఓర్చుకోవాలి. చెమ్మ పీల్చుకున్నాక దాని హద్దు 155. లోపల బుడగ పుట్టిందంటే లివర్ స్పాంజిలా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. రెండేళ్ళు దాటిన ఆయిల్‌తో కొండెక్కకండి. కప్పు అద్దంలోంచి చూస్తే తేనె రంగు ముదిరి టీ డికాక్షన్‌లా ఉందంటే మార్చే రోజు ఎప్పుడో దాటిపోయింది.

దిగే పద్ధతి: ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే, ఇంకా వాలు ఎక్కువైతే ఒకటి కిందికి. బ్రేకు మీద వేలు ఆనించి రుద్దుకుంటూ రాకూడదు. మలుపుకు ముందు గట్టిగా పట్టి, వేగం దించి, పూర్తిగా వదిలేయాలి, ఆ విరామంలోనే డిస్కు చల్లారుతుంది. వాసన వస్తే ఆగండి, పావుగంట. నీళ్ళు పోయొద్దు, కాలిన డిస్కు వంకర పోతుంది. ఇలా దిగితే ఎక్కినంత సమయమూ పడుతుంది, కంకర ఉంటే ఇంకా ఎక్కువ.

నాన్‌స్టాప్
ప్యాడ్లు మార్చడం తేలిక, ఇంజను విప్పడం కష్టం. గంటల తరబడి ఇంజనుతో బండిని ఆపితే గేరుబాక్సు, క్లచ్ ఏం కావాలి?

పానా12
ఏమీ కాదు, ఇంజను చుట్లు మీటరులో ఎర్రగీత దాటనంత వరకు. ఆయిల్ పంపు ఇంజను చుట్లతోనే తిరుగుతుంది కాబట్టి చుట్లున్నప్పుడు ఆయిల్ కూడా ఉంటుంది. క్లచ్ అరిగేది గేరు దించేటప్పుడు చుట్లు కలపకుండా దబుక్కున వదిలితే. పెట్రోలులోనే ఆయిల్ కలిసే టూ స్ట్రోక్ బండ్లు వేరు. యాక్సిలరేటర్ మూస్తే వాటికి ఆయిల్ కూడా తగ్గుతుంది, మధ్యమధ్యలో కొద్దిగా తెరిచి వదలాలి. ఇక్కడున్న నాలుగూ ఫోర్ స్ట్రోక్‌లే. ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో జారడమనే పొదుపు మాత్రం ఎవరూ చెప్పకండి.

పాతస్లైడ్
అందరూ 350ల లెక్క వేస్తున్నారు. గుంపు వేగం తేల్చేది ఆ 150. వెయ్యి మీటర్లకు దాదాపు పదో వంతు బలం పోతుంది, 3,900 దగ్గర మూడో వంతు పైనే పోయినట్టు. ఎఫ్‌ఐ బండి గాలి పలచబడినట్టు సెన్సర్‌తో తెలుసుకుని పెట్రోలు తగ్గించుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, గాలి తగ్గినా పెట్రోలు దాదాపు అంతే పోస్తుంది. నల్ల పొగ, ఐడ్లింగ్‌లో గుడగుడ, ప్లగ్ విప్పితే పొడిపొడి మసి. చేయాల్సింది: కార్బురేటర్ స్లైడులో పెట్రోలును కొలిచే సూది ఉంటుంది, దాని క్లిప్పును ఒక గాడి పైకి మార్చండి. సూది కిందికి దిగి మిశ్రమం పలచనవుతుంది. చాలకపోతే ఒకటి రెండు సైజులు చిన్న మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రం). కిందికి దిగాక మళ్ళీ యథాస్థానంలో పెట్టడం మరవొద్దు. పలచని మిశ్రమంతో మైదానంలో తోలితే ఇంజను వేడెక్కుతుంది. విడి ప్లగ్ ఒకటి జేబులో.

ఆ బండిని వరసలో రెండో స్థానంలో పెట్టండి. చివర పెడితే ముందువాళ్ళను అందుకోవాలని మలుపుల్లో తొందరపడతారు.

వెనకసీటు
వెనక కూర్చునేవాళ్ళ లెక్క ఎవరూ వేయలేదు. నడిపేవాళ్ళకు మలుపు ముందే కనిపిస్తుంది, వెనకవాళ్ళకు కుదుపు తగిలాకే తెలుస్తుంది. ఆరు గంటల్లో ముందున్నవాళ్ళ చేతులు అలిసేలోపే వీళ్ళ నడుము అలుస్తుంది. మనిషి, సామాను ఎక్కాక వెనక షాకర్ల ప్రీలోడ్ (స్ప్రింగు బిగింపు) పెంచండి, లేకపోతే గుంతలో అడుగు తగులుతుంది, హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది. చైను వదులు కూడా ఆ బరువు మీదే చూడాలి. మాన్యువల్‌లో రాసినంత ఖాళీ బండి మీద పెట్టి ఊరుకుంటే, బరువు పడినప్పుడు కొన్ని బండ్లలో చైను తీగలా బిగుసుకుంటుంది.

అసలు తప్పు కిలోమీటర్లలో లేదు, మూడో రాత్రి బసలో ఉంది. 1,900 నుంచి ఒక్క రోజులో 3,400కి ఎక్కి పడుకోవడమా? కింది నుంచి ఒక్కసారిగా 2,750 మీటర్లు దాటి నిద్ర పెట్టుకోకూడదు, అది దాటాక రాత్రికి 500 మీటర్లు మించి పెంచకూడదు. వైద్యులు ప్రయాణికులకు చెప్పే మామూలు సూత్రమే ఇది. పగలు ఎంత ఎత్తు దాటారన్నదాని కంటే ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. తలనొప్పి, వికారం ఉంటే అది ఎత్తు జబ్బే అనుకుని ఇంకా పైకి పోకూడదు. అడుగు తడబడినా, మాట తికమకపడినా రాత్రయినా సరే కిందికి దించాలి. తల పట్టేసిన మనిషి హెయిర్‌పిన్‌లో ఏం చూసి నడుపుతాడు?

నాన్‌స్టాప్
నిద్ర ఎత్తు మాట ఒప్పుకుంటున్నాను, దాన్ని చూడలేదు. 3,400 తీసేయాల్సిందే. ఇంకోటి, పైకి పోయాక టైర్లు ఉబ్బుతాయి కాబట్టి గాలి ఓ ఐదు పీఎస్‌ఐ తీసేయండి.

మలుపుమీదమలుపు
వద్దు. గేజీ చూపేది లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ ఉన్న తేడా. కింద బయట 14.7 పీఎస్‌ఐ, 3,500 మీటర్లలో సుమారు 9.5. అంటే గేజీ ఐదు ఎక్కువ చూపాలి. నిజమే, కానీ పైన చలి. కింద 30 డిగ్రీల్లో 33 కొట్టిన టైరు పైన 7 డిగ్రీలకు దిగితే లోపలి గాలి ముడుచుకుని మూడున్నర తగ్గుతుంది. చివరికి మిగిలే తేడా ఒకటిన్నర. దానికోసం ఐదు తీసేస్తే, కిందికి వచ్చేసరికి టైరు మెత్తబడి గోడలు కాలతాయి, ట్యూబు రిమ్ముకు రాయికి మధ్య నలుగుతుంది. పొడవైన కంకర దారి ఉంటే రెండు మూడు తీసి, తారు రాగానే కొట్టుకోండి, అది పట్టు కోసం. కాబట్టి పంపు, గేజీ గుంపులో ఒకటైనా ఉండాలి. గేజీ ఎప్పుడూ పొద్దున్నే, చల్లని టైరు మీద.

ఘాట్‌బండి
ఒక రోజు పెంచి, 290 కి.మీ. చుట్టుదారి తీసేశాం. ఇప్పుడు ఏడు రోజులు, 1,210 కి.మీ.
1వ రోజు 260, అందులో 180 మైదానం. నిద్ర 800 మీ.
2వ రోజు 150. నిద్ర 1,900.
3వ రోజు 110. నిద్ర 2,600.
4వ రోజు 120. నిద్ర 3,050.
5వ రోజు 150. కనుమ ఆ రోజు 60వ కి.మీ. దగ్గర. నిద్ర 2,400.
6వ రోజు 170, 7వ రోజు 250.
మూడు, నాలుగు, ఐదు రాత్రుల గదులు బుక్ చేస్తాం, మిగతావి వదిలేస్తాం. మూడో రోజు బసలో పెట్రోలు బంకు ఉంది, తర్వాతిది ఐదో రోజు 110వ కి.మీ. దగ్గర.

నాన్‌స్టాప్
7వ రోజు 250 నిలిచింది చూశారా. ఐదో రోజు మాత్రం వెలుతురు రాగానే బయల్దేరండి. మధ్యాహ్నానికి కనుమల మీద మబ్బు పట్టేస్తుంది. మంచు కరిగి వచ్చే వాగులు రోడ్డుకు అడ్డంగా ఉంటే పొద్దున చీలమండల దాకా ఉన్న నీళ్ళు మూడు గంటలకు సైలెన్సర్ దాకా వస్తాయి.

పానా12
పెట్రోలు లెక్కలో ఒకటి మరిచారు. బంకు నుంచి బంకుకు 120, 110 కలిపి 230 కి.మీ. 350కి ట్యాంకు 13 లీటర్లు, కొండలో బరువుతో 26 మైలేజీ వేసుకుంటే 338. బాగానే ఉంది. కానీ కనుమ దగ్గర కొండచరియ పడి దారి మూసేస్తే? అప్పటికి 180 కి.మీ. వచ్చారు, వెనక్కి 180. మొత్తం 360. కొండలో ట్యాంకు లెక్క వేసేది ముందు బంకుకు కాదు, వెనక్కి తిరిగి రావడానికి. బండికో 5 లీటర్ల డబ్బా కట్టండి.

నాన్‌స్టాప్
బండికొకటి ఎక్కువ. తిరిగొచ్చేది చాలావరకు దిగుడే. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మూస్తే ఎఫ్‌ఐ బండికి ఇంజెక్టర్ ఆగిపోతుంది. గుంపు మొత్తానికి రెండు డబ్బాలు చాలు.

పాతస్లైడ్
150కి ఆ సౌకర్యం లేదు, దిగేటప్పుడూ తాగుతూనే ఉంటుంది. ఒక డబ్బా దాని పేరునే రాయండి.

పానా12
సరే, రెండు. పెట్రోలు కోసం చేసిన డబ్బాలే కావాలి, నీళ్ళ సీసాలు వద్దు. అంచు వరకు నింపకుండా కాస్త ఖాళీ ఉంచండి, పైకి పోయేకొద్దీ ఉబ్బుతాయి. మూత మొహానికి దూరంగా పట్టి, ముందు బుస్సుమనే గాలి పోనిచ్చి, ఆ తర్వాత పూర్తిగా తిప్పాలి. వెనక ర్యాక్ మీద ఎత్తున కట్టొద్దు, పక్క సంచిలో కింద, సైలెన్సర్ లేని వైపు.

ఇంకో చిన్న పని: విడి క్లచ్ కేబుల్ సంచిలో పెట్టే బదులు, ఇప్పుడున్న కేబుల్ వెంటే రెండోది కూడా దూర్చి, రెండు కొసలూ ప్లాస్టిక్ చుట్టి టైలతో కట్టేయండి. తెగినప్పుడు ట్యాంకు విప్పనక్కర్లేదు, కొసలు మార్చి తగిలిస్తే పది నిమిషాలు.

ఘాట్‌బండి
కేబుల్ దూర్చేటప్పుడు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలా?

పానా12
తప్పకుండా. కుడికి చివరి దాకా, ఎడమకు చివరి దాకా. ఎక్కడైనా లాగుతుంటే హెయిర్‌పిన్‌లో లివర్ నొక్కినట్టే క్లచ్ దానంతటదే విడిపోతుంది. యాక్సిలరేటర్ కేబుల్ కూడా అప్పుడే చూడండి, హ్యాండిల్ తిప్పితే ఐడ్లింగ్ పెరగకూడదు.