ఆకు మీద కొట్టే సీసా యూరియా బస్తాకి బదులవుతుందా?

పొలంగట్టు:
వరి నాటి నెల దాటింది, రెండో దఫా యూరియా వెయ్యాలి. సొసైటీ దగ్గర లైన్లో చెప్పులు పెట్టి రెండు రోజులు తిరిగా, బస్తా దొరకలేదు. షాపాయన ఏమో ‘నానో యూరియా కొట్టన్నా, అరలీటరు సీసా ఒక బస్తాతో సమానం, ఆకు నేరుగా తాగేస్తది’ అంటున్నాడు. అసలు ఆకు తాగుతుందా? మా నాన్నయితే ‘నోట్లో పెట్టాల్సిన అన్నం వీపు మీద పోస్తే కడుపు నిండుతుందారా’ అని నవ్వుతున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బాటనీ టీచర్:
మీ నాన్నగారి మాట బాగుంది కానీ, ఆకు విషయంలో అది పూర్తిగా నిజం కాదండీ. ఆకు పీల్చుకుంటుంది. 1840ల్లోనే ఫ్రాన్స్‌లో యూసెబ్ గ్రీ అనే ఆయన పాలిపోయిన ఆకులకి ఇనుప లవణం కలిపిన నీళ్ళు పూస్తే పచ్చబడటం చూశాడు. 1950ల్లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రేడియోధార్మిక పోషకాలు ఆకులకి పూసి, అవి మొక్కలో ఎటు పోతున్నాయో వెంబడించి మరీ చూశారు. కాలిఫోర్నియా తీరంలో రెడ్‌వుడ్ చెట్లయితే పొగమంచుని ఆకులతోనే కొంత తాగుతాయి. అయితే ఆకు పైన మైనం లాంటి పొర ఉంటుంది, దాని పనే నీళ్ళు బయటికి పోకుండా ఆపడం, కాబట్టి లోపలికి కూడా తేలిగ్గా రానివ్వదు. యూరియా అణువు చిన్నది, దానికి విద్యుదావేశం లేదు, అందుకని కాస్త త్వరగా దూరుతుంది. మిగతావి ఆ పొరలో ఉండే సన్నటి దారుల గుండా, కొంత పత్రరంధ్రాల అంచుల వెంట నెమ్మదిగా పోతాయి. అదీ ఆకు తడిగా ఉన్నంతసేపే. బొట్టు ఎండిందంటే ఎరువు ఉప్పులా పైనే మిగిలిపోతుంది. మిట్టమధ్యాహ్నం కొట్టడం దండగ అనేది అందుకే.

లెక్కల మాస్టారు:
తాగుతుందా లేదా అని కాదు తమ్ముడూ, ఎంత తాగుతుంది అని అడుగు. 45 కిలోల బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోలకి పైమాట. మొదట వచ్చిన నానో సీసాలో 4 శాతం, అరలీటరుకి 20 గ్రాములు. కిలోలు కాదు, గ్రాములు! తర్వాత గాఢత పెంచి 20 శాతం చేశారు, అయినా 100 గ్రాములే. టన్ను ధాన్యం పండాలంటే పైరు 15 కిలోలకి తక్కువ కాకుండా నత్రజని లాగాలి. మరి అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

నానో అభిమాని:
మాస్టారూ, మీ లెక్క పాత లెక్క. నేలలో వేసిన యూరియాలో సగానికి పైగా గాల్లోకి, నీళ్ళలోకి పోతుంది, అది చెప్పరేం? నానో కణాలు సన్నవి, పత్రరంధ్రాల్లోంచి నేరుగా వెళ్తాయి, వృథా ఉండదు.

లెక్కల మాస్టారు:
సరే, బస్తాలో 60 శాతం పోయిందనుకో. ఇంకా 8 కిలోలు మిగిలింది. నీ సీసాలో చుక్క కూడా వృథా కాలేదనుకున్నా 100 గ్రాములు దాటదు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు పొలంలో వేసి చూసి, వరిలో, గోధుమలో దిగుబడి తగ్గిందని చెప్పారు కూడా.

బాటనీ టీచర్:
కణాల సంగతి సగం నిజం. 43 నానోమీటర్ల కణాలు పత్రరంధ్రాల్లోంచి వెళ్ళడం 2008లో ప్రయోగశాలలో చూపించారు. కానీ అన్ని రంధ్రాల్లోంచీ పోలేదు, కొన్నిటిలోంచే. దారి ఉంది కదా అని ఆ దారిన బస్తా పట్టదు.

మిరప రైతు, ఖమ్మం:
అందరూ యూరియా మీదే పడ్డారు. ఆకు మీద కొట్టడమే దండగ అన్నట్టు మాట్లాడకండి. మొన్న వానలకి పత్తిలో నీళ్ళు నిలిచి వేర్లకి ఊపిరాడక చేను పసుపు తిరిగింది. ఆ బురదలో నేలకి ఏం వేస్తావు? లీటరుకి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టా, చిగురు లేచింది. వరిలో జింకు లోపం వచ్చి ఆకుల మీద తుప్పు మచ్చలు పడితే, లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేట్ ఐదు రోజులకోసారి రెండు మూడుసార్లు కొడితే కళ్ళ ముందే తేరుకుంటది. పైరుకి జింకు కావాల్సింది గ్రాముల్లో, అందుకే ఆకు సరిపోతది.

మిద్దెతోట:
మరి నా టమాటా? కాయ అడుగున నల్లగా వస్తోందని కాల్షియం నీళ్ళు ఆకులన్నిటికీ తడిసేలా కొట్టా, ఏం లాభం లేదు.

బాటనీ టీచర్:
కాల్షియం ఆకులో పడితే అక్కడే ఉండిపోతుందండీ, అక్కణ్ణుంచి కాయలోకి దిగదు. వేరు నీళ్ళతో పాటే అది కాయకి చేరాలి. కుండీ ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచకుండా, తడి సమంగా ఉంచి చూడండి. కొట్టాలనుకుంటే లేత పిందెల మీదే పడాలి.

లెక్కల మాస్టారు:
తమ్ముడూ, బస్తా దొరికేదాకా మామూలు యూరియానే లీటరుకి 20 గ్రాములు కలిపి కొట్టు. ఎకరానికి 200 లీటర్లు పోస్తే 4 కిలోల యూరియా, అంటే 2 కిలోల లోపు నత్రజని. కడుపు నిండదు గానీ నాలుగు రోజులు ఆగుతుంది. వరి ఆకు మీద నీళ్ళు చేమాకు మీద లాగా జారిపోతాయి, జిగురు మందు కలపడం మర్చిపోకు. సాయంత్రం నాలుగు తర్వాతే.

పొలంగట్టు:
చుట్టుపక్కల అడిగితే అరబస్తా యూరియా దొరికింది. సీసా కూడా తెచ్చా, షాపాయన వదల్లేదు. ఒక మడిలో బస్తా, పక్క మడిలో సీసా, చూద్దాం.

లెక్కల మాస్టారు:
మూడో మడి ఏమీ వెయ్యకుండా వదులు. లేకపోతే సీసా పని చేసిందో, నీ నేలలో ఉన్న బలమే పని చేసిందో తెలీదు.

పొలంగట్టు:
ఏమీ వెయ్యకుండానా? నాన్న ఊరుకోడన్నా. మూలన నాలుగు గజాలు వదులుతాలే.