ముఖం లేకపోతే అది స్వీయచిత్రం కాదా?

గట్టుమీది_బొమ్మలు
ఒక గ్రూప్ షోకి ‘స్వీయచిత్రం’ విభాగంలో పంపిన నా బొమ్మని ఎంపిక చేసేవాళ్లు ‘అబ్‌స్ట్రాక్ట్’ (పోలికలు లేని, రంగులూ ఆకారాల బొమ్మల) విభాగంలోకి మార్చేశారు. ఎందుకని అడిగితే “ఇందులో మీరెక్కడున్నారు?” అన్నారు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

బొమ్మ ఇదీ. 3 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు కాన్వాసు. జెస్సో (రంగుకి ముందు కాన్వాసుకి వేసే తెల్ల పూత) మీద అమ్మ కువైట్ నుంచి రాసిన ఉత్తరాల జిరాక్సులు, అంచుకి ఎరుపు నీలం చారలున్న ఎయిర్‌మెయిల్ కవర్లు, అమ్మమ్మ నేతచీర ముక్కలు. వాటిని సగం కప్పేస్తూ ముదురు నీలం యాక్రిలిక్. నడుమ ముఖం ఉండాల్సిన చోట రంగు లేదు. అక్కడ క్యాసెట్టు టేపు ముక్కలు పైనుంచి కిందికి వరసగా అతికించాను. మాది కోనసీమ. మా వీధిలో చాలామంది పిల్లలం అమ్మ కువైట్‌లో ఉంటే అమ్మమ్మల దగ్గర పెరిగినవాళ్లమే. అమ్మ తన మాటలు క్యాసెట్లో రికార్డు చేసి ఊరికొచ్చేవాళ్ల చేత పంపేది. ఆ టేపే ఇది.

నా ముక్కూ కళ్లూ గీసినా ఇంతకన్నా నేను కనపడను. మీరేమంటారు?

డ్రాయింగు_మేష్టారు
అమ్మాయీ, హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైనవాణ్ణి. నా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. వాళ్లు అడిగింది సరైన ప్రశ్నే. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచి చనిపోయిన 1669 దాకా తన ముఖాన్ని గీస్తూనే ఉన్నాడు. ముక్కు ఉబ్బితే ఉబ్బినట్టు, బుగ్గలు జారితే జారినట్టు. డబ్బు పోవడం, మనుషులు పోవడం అంతా ఆ చర్మం మీదే ఉంది, పక్కన చీటీ అక్కర్లేదు. మీ బొమ్మ పక్క చీటీ తీసేస్తే అది కువైట్ వెళ్లిన ఏ తల్లి కూతురిదైనా కావచ్చు. కథ మీరు చెబుతున్నారు, బొమ్మ చెప్పడం లేదు.

కొల్లాజ్_పిచ్చి
మేష్టారూ, అమెరికన్ చిత్రకారుడు రాషెన్‌బర్గ్ 1955లో దిండు, బొంత నిలువుగా బిగించి వాటి మీద రంగు పోసి ‘బెడ్’ అని పేరు పెట్టాడు. అందులో మనిషి లేడు, పడుకున్నవాడు ఉన్నాడు. అదే రాషెన్‌బర్గ్ 1967లో తన ఒంటి ఎక్స్‌రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ‘బూస్టర్’ అని దాదాపు ఆరడుగుల ప్రింటు వేశాడు. ఎముకలు చూసి ఫలానావాడని ఎవరు గుర్తుపడతారు? అయినా అవి ఆయన ఎముకలే.

సాయంత్రం_చాయ్
ఫెవికాల్‌తో అతికించారా? టేపు ప్లాస్టిక్కు కదా, ఆరాక లేచిపోతుంది.

గట్టుమీది_బొమ్మలు
కాదండీ, యాక్రిలిక్ జెల్ మీడియం, చిక్కటి జిగురులాంటిది. కింద ఒక పూత, పైన ఒక పూత. టేపుకి అతకదు, కానీ రెండు పూతల మధ్య ఇరుక్కుని నిలబడుతుంది.

దుబాయ్_వాపస్
బిడ్డా, ముఖం ముచ్చట పక్కకు పెట్టు. టేపు కోసినవా? కోసే ముందల కాపీ చేసుకున్నవా? నేను టేపురికార్డర్లు రిపేర్ చేసినోన్ని, అందుకే అడుగుతున్న. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తది. జానెడు ముక్క కోస్తివంటే దాదాపు 5 సెకన్ల మాట పోయినట్టే. అదే రిబ్బను మీద రెండో దిక్కు మాట గూడ ఉంటది, అదీ పాయె.

డ్రాయింగు_మేష్టారు
ఎక్స్‌రే అంటే ఒంటి నీడ. నీడలో పోలిక ఉంటుంది. టేపు ముక్కలో ఈ అమ్మాయి పోలిక ఏముంది? నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

గట్టుమీది_బొమ్మలు
పోలిక అంటే ముక్కుతీరేనా మేష్టారూ? నీలం పొర మందంగా ఉన్నచోట కింద ఉత్తరం చదవడానికి రాదు, గీకినచోట “జాగ్రత్త”, “ఫీజు”, “వచ్చే ఏడు” అని ముక్కలుగా కనిపిస్తాయి. నాకు గుర్తున్న చిన్నతనం అంతే. గీసి చూపించమంటే ఇలాగే గీయగలను.

దుబాయ్_వాపస్
అడిగినదానికి జవాబు చెప్పలే.

నా ముచ్చట చెప్త. 1990లల నేను దుబాయ్ లేబర్ క్యాంపుల ఉన్న. రూము నిండ మనుషులు. అందరు పండుకున్నంక బాత్‌రూముల కూసొని రికార్డు చేసెటోన్ని. ఇంటికొచ్చి చూస్తె నా కొడుకులు ఆ క్యాసెట్ల మీద సినిమా పాటలు ఎక్కిచ్చిన్రు. ఒక్కటి మిగల్లే. అవి పంపినోల్లకు ఏం విలువ ఉంటదో ఇంట్ల ఉన్నోల్లకు తెల్వది.

కొల్లాజ్_పిచ్చి
ఈ విషయంలో అన్న చెప్పింది ఆలోచించాల్సిందే. మన దేశపు కళాకారుడు వివాన్ సుందరం 2001లో తన పెద్దమ్మ, చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పేరుతో ‘రీటేక్ ఆఫ్ అమృత’ చేశారు. తాతగారు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తీసిన కుటుంబం ఫొటోల్ని కంప్యూటర్లో కలిపి కొత్త బొమ్మలు చేశారు. పాత ఫొటో ఒక్కటీ కత్తిరించనక్కర్లేకపోయింది. మీరూ ఉత్తరాలకి జిరాక్సులే వాడారు కదా, మరి టేపు ఎందుకు అసలుదే కోశారు?

గట్టుమీది_బొమ్మలు
కాపీ చేయలేదు. కావాలనే చేయలేదు. ఇక ఇదే అడగొద్దు.

ఉత్తరాలు చదవడానికి రాసినవి, జిరాక్సు తీస్తే చదువుకోవచ్చు. టేపు సంగతి వేరు. ఆ అరగంటలో ఏముందో చెప్పనా? ఏజెంటుకి కట్టాల్సిన డబ్బు. మామయ్యకి తీర్చాల్సిన బాకీ. ఇంటికి స్లాబు ఎప్పుడు వేయాలి. ఆఖర్న “పాప బాగా చదువుతుందా” అని. అడిగేది నన్ను కాదు, అమ్మమ్మని. టేపురికార్డరు ముందు కూచుని “చదువుతున్నానమ్మా” అని నేను గట్టిగా జవాబు చెప్పేదాన్ని. దానికి వినపడేది కాదు. ఇప్పుడు ఆ గొంతు ఎవరికీ వినపడదు. నా బొమ్మ అదే. ఇంట్లో కాపీ దాచుకుని ఇక్కడ ముక్కలు అతికిస్తే అది అబద్ధం అవుతుంది.

అమలాపురం_అమ్మాయి
మా అమ్మా కువైటే. ఫొటో పెట్టండి, చూడాలని ఉంది.

దుబాయ్_వాపస్
పైసల ముచ్చటే ఎందుకు చెప్పిందో తెల్సా నీకు? నేను గూడ గదే చెప్పిన. పిల్లల పేరు తీస్తె గొంతు వణుకుతది. వణికితె ఇంట్ల రంది పడ్తరు. అందుకే లెక్కలు చెప్పి, పిల్లల సంగతి ఆఖర్ల ఒక్క ముక్క అడిగి బంద్ చేస్తుంటిమి. నువ్వు ఆ ఒక్క ముక్కనే కోసినవ్.

మీ అమ్మకు చెప్పినవా?

గట్టుమీది_బొమ్మలు
మీరు మా అమ్మ కాదు. ఆవిడ తరఫున మాట్లాడొద్దు.

చెప్పలేదు. అమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంది. ఎవరైనా కువైట్ మాట ఎత్తితే లేచి లోపలికి వెళ్లిపోతుంది. అక్కడ ఎవరింట్లో పనిచేసిందో, ఏం జరిగిందో నాకు తెలియదు.

దుబాయ్_వాపస్
గట్లయితె అది నీ స్వీయచిత్రం గాదు. ఆమె దాసుకున్నదాన్ని నువ్వు నలుగురి ముందల గోడకు కొడుతున్నవ్. నేను మొదటి నుంచి చెప్తున్నది గిదే, టేపు గురించి గాదు.

గట్టుమీది_బొమ్మలు
ఆవిడ అక్కడ ఉన్నన్నాళ్లూ ఇక్కడ ఉన్నది నేను. ఆ ఏళ్లు ఆవిడవి మాత్రమేనా? పెద్దవాళ్లు మాట్లాడనంత కాలం పిల్లలూ నోరు మూసుకుని ఉండాలంటే మా ఊళ్లో ఒక తరం మొత్తానికి చిన్నతనం లేనట్టే. నేను కువైట్ గురించి బొమ్మ వేయలేదు. వంటింటి గుమ్మం దగ్గర కూచున్న పిల్ల గురించి వేశాను.

డ్రాయింగు_మేష్టారు
అమ్మాయీ, మళ్లీ నా ప్రశ్నే. వాదన కోసం అడగడం లేదు, నిజంగా అడుగుతున్నాను. మీ ముఖం మీరెందుకు గీయలేదు? గీయడం రాక కాదని తెలుస్తూనే ఉంది.

గట్టుమీది_బొమ్మలు
గీశాను. మొదట బొగ్గుతో గీసిందే. నాది అచ్చం అమ్మ ముఖం మేష్టారూ. గీస్తే మా ఊరివాళ్లు ఎవరు చూసినా అమ్మ అనే అనుకుంటారు. అందుకే దాని మీద టేపు వేశాను. ముఖం అడుగున ఉంది.

కొల్లాజ్_పిచ్చి
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సిందండీ. ఎంపిక చేసేవాళ్లకైనా చెప్పారా?

గట్టుమీది_బొమ్మలు
లేదు. చీటీ మీద సామాన్ల పేర్లే రాశాను, కువైట్ అని కూడా రాయలేదు. విభాగం సంగతి మాత్రం వదలను, మళ్లీ ఉత్తరం రాస్తున్నాను.

డ్రాయింగు_మేష్టారు
కప్పేసిన ముఖాన్ని చూసేవాళ్లకి లేనట్టే లెక్క. అడుగున ఉందని మీరు చెప్పాల్సి వచ్చింది కదా. కాకపోతే బొగ్గు గీత ఒక్కటైనా టేపు సందుల్లోంచి కనపడేలా ఉంచితే వాళ్ల నోరు మూతపడుతుంది. ఆలోచించండి.

దుబాయ్_వాపస్
ముఖం దాసి గొంతు బయట పెట్టినవ్, నాకైతె అది దాసినట్టు గాదు. ఇంకా క్యాసెట్లు మిగిలినయా బిడ్డా? ఉంటె కోయకు. నాకు పంపు, కంప్యూటర్ల ఎక్కిచ్చి వాపస్ ఇస్త. పైసలు వద్దు.

గట్టుమీది_బొమ్మలు
ఒకటి ఉంది. దాన్ని కోయను. మీకూ పంపలేను, ఏమీ అనుకోవద్దు. అమ్మ వినకముందు ఇంకొకరు వినడం నాకు ఇష్టం లేదు.

దుబాయ్_వాపస్
మంచిది. మరి వాల్లకు ఉత్తరం రాసే ముందల బొమ్మ అమ్మకు చూపెట్టు. అప్పటిదాక నేనైతె ఒప్పుకోను.