గుసుల్‌ను తెలుగులో ఏమనాలి? ‘శుద్ధి స్నానం’ సరిపోతుందా?

పదవీ విరమణ తర్వాత విజయనగరంలో ఒక చిన్న ప్రెస్సుకు ప్రూఫులు దిద్దుతున్నాను. పెళ్ళి కార్డులు, పెద్దకర్మ కార్డులు, జాతర కరపత్రాలు, ఏది వస్తే అది. పోయిన వారం నాలుగు పేజీల కాగితం ఒకటి వచ్చింది. కొత్తగా ఇస్లాం స్వీకరించినవాళ్ళు స్నానం ఎలా చేయాలి, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ఎలా కడుక్కోవాలి అన్నది అందులోని విషయం. ఉర్దూ నుంచి ఎవరో శ్రద్ధగానే తెలుగు చేశారు. మొదటి పేజీలోనే ఈ రెండు వాక్యాలు:

“నూతన ముస్లిమునకు శుద్ధి స్నానము (గుసుల్) చేయించబడును. తలపై మూడు దోసెల నీళ్ళు పోయవలెను.”

దోసెల దగ్గర నవ్వాగలేదు. దోసెడు, దోసెళ్ళు (రెండు చేతులూ కలిపి పట్టినంత) అనే మాటలు ఈ తరానికి చెవిన పడటం తగ్గింది. అందుకే టైపు చేసిన కుర్రవాడు ‘దోసెళ్ళ నీళ్ళు’ అన్నదాన్ని పెనం మీదకు ఎక్కించాడు. అది దిద్దేశాను. మిగతా వాక్యం దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది. ‘శుద్ధి స్నానం’ అనడం సరేనా? ‘చేయించబడును’ అంటే చేయించేది ఎవరు? ప్రెస్సు యజమాని తొందరపెడుతున్నాడు. మీరేమంటారు?

పాలకొండ నుంచి పంతులుగారు:
ఇందులో ఆలోచించేదేముంది మాష్టారూ? శుద్ధి అంటే శుభ్రత. భావశుద్ధి, వాక్‌శుద్ధి, గృహశుద్ధి అనడం లేదా? చదివేవాడికి అర్థమైతే చాలు. గుసుల్ అని అచ్చు వేస్తే నూటికి తొంభై మందికి తెలియదు.

విజయనగరం నుంచి, మొదట పోస్టు పెట్టినవాడినే:
అర్థమవుతుంది పంతులుగారూ, నా భయం కూడా అదే. కావలసినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది. మన దగ్గర శుద్ధి అన్నామంటే దాని ముందు మైల ఒకటి ఉండి తీరాలి. పురుటి శుద్ధి పదకొండో రోజున, చావు మైల తీరాక ఇల్లు శుద్ధి. పైగా ఈ సందర్భంలో ఆ మాటకు ఇంకో బరువుంది. 1920ల్లో ఆర్యసమాజం వాళ్ళు ఇతర మతాల్లోకి వెళ్ళినవాళ్ళను వెనక్కి తీసుకురావడానికి నడిపిన ఉద్యమం పేరే శుద్ధి. ఒక మతంలోకి కొత్తగా వచ్చినవాడి చేతిలో పెట్టే కాగితంలో ఈ మాట వాడితే, నిన్నటి దాకా నువ్వు మైలమనిషివి అని చెప్పినట్టు ఉంటుందేమో.

శ్రీకాకుళం నుంచి ఒక సభ్యురాలు:
మాష్టారూ, మా ఇల్లు జామియా మసీదుకు దగ్గరే. మా ఇంట్లో ‘గుసల్’ అంటాం, ‘సు’ కాదు. మా నానమ్మ అయితే ఆ మాట కూడా అనేది కాదు, “పాక్ అయ్యి రా” అనేది. అరబీలో అది రెండు హల్లులు కలిసిన మాట, గుస్ల్. కడగడం అని అర్థం, అంతే. చేతులు కడిగినా, గిన్నె కడిగినా, బట్టలు ఉతికినా అదే ధాతువు. పవిత్రం అనే అర్థం ఆ మాటలో లేదు. దానికి తహారత్ అని వేరే మాట ఉంది.

ఇక ‘చేయించబడును’ గురించి. దయచేసి దాన్ని కొట్టేయండి. మాలో గుసల్ ‘చేయించేది’ ఒక్కరికే, చనిపోయినవాళ్ళకి. మయ్యత్‌ను బల్ల మీద పడుకోబెట్టి ఇంకొకరు కడుగుతారు. బతికున్న మనిషి తన స్నానం తనే, తలుపు వేసుకుని చేస్తాడు. ఎవరూ నీళ్ళు పొయ్యరు, మంత్రం చదవరు. ఇస్లాంలోకి రావడం కలిమా, అంటే విశ్వాస వాక్యం, పలకడంతో అయిపోతుంది, స్నానంతో కాదు. సుమామా అని యమామా ప్రాంతపు నాయకుడి కథ హదీసుల్లో, అంటే ప్రవక్త మాటల, చేతల సంకలనాల్లో ఉంది. ఆయన్ను బందీగా పట్టుకొచ్చి మసీదు స్తంభానికి కట్టేశారు. మూడో రోజున ప్రవక్త విడిచిపెట్టమన్నారు. ఆయన ఇంటి దారి పట్టకుండా, పక్కనే ఉన్న ఖర్జూరపు తోటకు వెళ్ళి, తనంతట తానే స్నానం చేసి, తిరిగి మసీదుకు వచ్చి కలిమా పలికాడు. చేయించినవాళ్ళు ఎవరూ లేరు.

విజయనగరం నుంచి:
బాగా పట్టుకున్నారమ్మా. నేను ‘బడు’ ధాతువు మీద అలవాటైన చిరాకుతో ఎర్రగీత పెట్టాను. కారణం ఇంత పెద్దదని తెలియదు. ఒక్క ‘ఇంచు’ ప్రత్యయంతో బతికున్నవాణ్ణి బల్ల మీద పడుకోబెట్టేవాళ్ళం.

బొబ్బిలి నుంచి ఒకరు:
బాప్తిస్మం అన్న మాట మన వైపు ఎలా నిలిచిందో గుర్తుచేసుకోండి. కెనడా బాప్తిస్టు మిషన్ వాళ్ళు బొబ్బిలిలో, విజయనగరంలో, శ్రీకాకుళంలో పనిచేశారు. అది గ్రీకు మాట, ముంచడమని అర్థం. మునక అనో, జలసంస్కారం అనో మార్చకుండా అలాగే వాడారు, ఇప్పుడు అందరికీ తెలుసు. అలాగే గుసుల్ అని వేసేయండి.

శ్రీకాకుళం సభ్యురాలు:
పోలిక మాట వరకే అండీ. బాప్తిస్మం ఇంకొకరి చేతుల మీదుగా జరుగుతుంది, జీవితంలో ఒక్కసారి. గుసల్ అలా కాదు. దాంపత్యం తర్వాత, నెలసరి రోజులు ముగిశాక, పురుడు తీరాక తప్పనిసరి. శుక్రవారానికి, రెండు పండుగలకు చేస్తే మంచిది. మా నాన్నగారు ఎన్ని వేలసార్లు చేసి ఉంటారో. కొత్తగా వచ్చినవాళ్ళ విషయంలో మా ధర్మశాస్త్ర మార్గాల్లో మాలికీ, హంబలీవాళ్ళు స్నానం విధి అంటారు. హనఫీ, షాఫయీవాళ్ళు చేస్తే మంచిది అంటారు, అప్పటికే స్నానం తప్పనిసరి అయ్యే స్థితిలో ఉంటే మాత్రం చేయాల్సిందే అంటారు. కాగితంలో ‘వలెను’ అని ఉన్నచోట ఎవరి మాట ప్రకారం రాస్తున్నారో రాసినవాళ్ళను అడగండి.

మందస నుంచి ఒకరు:
గుసుల్ అని వేస్తే ఇంకో చిక్కు. తెలుగు మాటలు మామూలుగా హల్లుతో ఆగవు, రెండు రోజుల్లో ‘గుసులు’ అవుతుంది. ‘లు’ చూసి బహువచనం అనుకుంటారు. “ఎన్ని గుసులు చేశావు?” అని అడుగుతారు. ఏకవచనం గుస అయి కూర్చుంటుంది. గుసగుస అప్పటికే మన దగ్గర ఉంది!

వజూ, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం, ఆ మాట సంగతి కూడా చెబుతాను. అరబీలో అది ‘వుదూ’కు దగ్గర. అక్కడ ఉన్నది ద కాదు, దాద్ అనే బరువైన అక్షరం. పారశీకుల నోట అది జ అయింది, ఉర్దూ ద్వారా మనకు ఆ జ చేరింది. రమదాన్ మనకు రంజాన్ అయింది అందుకే. మతం మాటలే అలా మారాయనుకోకండి. హాజరు, అర్జీ, జామీను, ఆఖరికి జిల్లా, వీటన్నిటిలోని జ ఒకప్పటి దాద్. శ్రీకాకుళం జిల్లా అన్న ప్రతిసారీ వజూలోని జకారాన్నే పలుకుతున్నాం. కచేరీ కాగితాల మీద ఇంత తెలుగైపోయిన అక్షరాన్ని నీళ్ళ దగ్గర పరాయిదంటే ఎలా?

పాలకొండ పంతులుగారు:
జిల్లా సంగతి నాకు కొత్త. సంతోషం. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. దాంపత్యం తర్వాత, నెలసరి తర్వాత, పురుటి తర్వాత స్నానం అన్నారు. మన మైలలు కూడా సరిగ్గా అవే కదా. మరి మైల అనడానికి అభ్యంతరం ఎందుకు?

శ్రీకాకుళం సభ్యురాలు:
ఇది మంచి ప్రశ్న పంతులుగారూ. పైకి ఒకేలా ఉంటాయి, లోపల తేడా ఉంది. మైల అంటుకుంటుంది. మడి కట్టుకున్నవారిని తాకితే మడి పోతుంది. అంటు, ముట్టు, రెండు మాటలకూ మూలం తాకడమే. జనాబత్, అంటే దాంపత్యం వంటి వాటి తర్వాత స్నానం తప్పనిసరి అయ్యే స్థితి, అలా అంటదు. ఆ స్థితిలో ఉన్న మనిషి నమాజు చేయడం, ఖురాన్ తాకడం వంటివి చేయకూడదు, అంతే. కరచాలనం చేయవచ్చు, వంట చేయవచ్చు, అతను తాగిన గ్లాసులో ఇంకొకరు తాగవచ్చు. అబూ హురైరా అనే సహచరుడు ఒకరోజు మదీనా వీధిలో ప్రవక్తకు ఎదురుపడ్డాడు. స్నానం చేయాల్సిన స్థితిలో ఉన్నానని మెల్లగా తప్పుకుని వెళ్ళి, స్నానం చేసి వచ్చాడు. ఎక్కడికి వెళ్ళావని అడిగితే సంగతి చెప్పాడు. ప్రవక్త ఆశ్చర్యపోయి, విశ్వాసి అపవిత్రుడు కాడు అన్నారు. మైల అని అచ్చు వేస్తే, మీ కాగితం చదివిన కొత్త మనిషి ఆ సహచరుడిలాగే సందు చివర నుంచి తప్పుకుంటాడు.

నెలసరి రోజుల్లో మా అమ్మ వంటగదిలోనే ఉండేది. పక్కింటి స్నేహితురాలు ఆ మూడు రోజులూ వసారాలో కూర్చునేది. చిన్నప్పుడు ఆ తేడా ఎందుకో నాకు తెలిసేది కాదు. నాకు తెలియని మాటలు అప్పటికి రెండు, మైల, జనాబత్.

విజయనగరం నుంచి:
ఇక మైల ఊసెత్తను. అమ్మా, మీ నానమ్మగారి ‘పాక్’ నన్ను ఇంకోచోటికి తీసుకెళ్ళింది. ఉర్దూలో పాకీ అంటే పవిత్రత. తెలుగులో పాకీపని అంటే ఏమిటో అందరికీ తెలుసు. కాగితం మూడో పేజీలో “పాకీ విషయంలో శ్రద్ధ వహించాలి” అని ఉంది. చూడగానే ప్రెస్సు కుర్రవాడి మొహం మారింది. వాళ్ళ తాతగారు మున్సిపాలిటీలో ఆ పనే చేశారట. ఇక్కడ అర్థం శుభ్రత అని చెబితే, “మరి మా తాతను ఆ మాటతో ఎందుకు దూరం పెట్టారండీ?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ‘పాకీ’ కొట్టేసి ‘శుభ్రత’ అని రాశాను.

ఆమదాలవలస నుంచి ఒకరు:
రెండో పేజీలో రేగాకు ప్రస్తావన ఉందా? నేను చదివిన ఒక ఉర్దూ పుస్తకంలో బేరీ పత్తే అని ఉంది.

విజయనగరం నుంచి:
ఉంది. “రేగు ఆకులు కలిపిన నీటితో” అని. అనువాదకుడు పొరపడ్డాడేమో అనుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

శ్రీకాకుళం సభ్యురాలు:
పొరపాటు కాదు మాష్టారూ, ఆ ప్రశ్నార్థకం తీసేయండి. ఖైస్ బిన్ ఆసిమ్ అనే ఆయన ఇస్లాం స్వీకరించడానికి వస్తే, నీళ్ళలో సిద్ర్ కలిపి స్నానం చేయమని ప్రవక్త చెప్పారు. సిద్ర్ అంటే రేగు జాతి చెట్టే. అరబ్బు దేశాల రేగు, మన రేగు ఒకే కుటుంబం. మయ్యత్ స్నానంలో కూడా అదే ఆకు వాడతాం. చివరిసారి పోసే నీళ్ళలో కర్పూరం కలుపుతాం.

ఆమదాలవలస నుంచి:
అయితే ఇది చూడండి. రథసప్తమి నాడు అరసవల్లి వచ్చేవాళ్ళు తల మీద జిల్లేడాకులు, రేగుపళ్ళు పెట్టుకుని స్నానం చేస్తారు. మా ఇంట్లో తెల్లవారుజామున చలికి వణుకుతూ అలాగే పోసుకునేవాళ్ళం. అరసవల్లికి, జామియా మసీదుకు మధ్య ఎంత దూరం? రెండుచోట్లా స్నానానికి రేగే!

శ్రీకాకుళం సభ్యురాలు:
చూడ్డానికి బాగుంది కానీ ముడిపెట్టకండి అన్నయ్యా. మీ రేగుపండు తల మీద ఊరికే కూర్చుంటుంది, నీళ్ళతో పాటు జారిపోతుంది. మా ఆకు నలిగి పని చేస్తుంది. ఎండబెట్టి, దంచి, నీళ్ళలో కలిపి చూడండి, నురుగు వస్తుంది, జిడ్డు వదులుతుంది. మీరు పోల్చాల్సింది రథసప్తమి రేగుపండుతో కాదు, ఆదివారం కుంకుడు రసంతో.

పాలకొండ పంతులుగారు:
అమ్మా, ఇక్కడ నేను ఓడిపోయాను. కుంకుడుకాయ దగ్గరికి వచ్చాక శుద్ధి అనలేను. కడగడం అన్నది నిజమే.

విజయనగరం నుంచి:
ఇప్పుడు మాట తేల్చాలి. ‘తలస్నానం’ అంటే ఒళ్ళు తడవకపోయినా పరవాలేదు అనుకుంటారు. ‘తలంటు’ అంటే నూనె. ‘నీళ్ళు పోసుకోవడం’ అచ్చమైన తెలుగే కానీ, ఆడవాళ్ళ విషయంలో ‘నీళ్ళోసుకుంది’ అంటే ఇంటికి మిఠాయి పొట్లం వస్తుంది. ‘నిండు స్నానం’ అంటే ఎలా ఉంటుంది? ఒళ్ళంతా ఎక్కడా పొడి మిగలకుండా తడవాలన్నదే కదా అసలు షరతు.

మందస నుంచి:
బాగుంది. మొదటిసారి ‘నిండు స్నానం (గుసుల్)’ అని వేసి, ఆ తర్వాత గుసుల్ అని కొనసాగించండి.

శ్రీకాకుళం సభ్యురాలు:
నాకు సమ్మతమే. హనఫీ పద్ధతిలో మూడు తప్పనిసరి, పుక్కిలించడం, ముక్కులోకి నీళ్ళు తీసుకోవడం, ఒళ్ళంతా తడపడం. మా వైపు ఎక్కువమంది ఆ మార్గంవాళ్ళే. ‘నిండు’ అన్న మాటలో నోరూ ముక్కూ కూడా ఉన్నాయని ఒక వాక్యంలో చెప్పండి, చాలామంది అక్కడే మర్చిపోతారు. ఆ మూడు దోసెళ్ళ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఉమ్మె సలమా అనే ఆవిడ, నేను జడ గట్టిగా అల్లుకుంటాను, దాంపత్యం తర్వాతి స్నానానికి విప్పాలా అని అడిగారు. అక్కర్లేదు, తల మీద మూడు దోసెళ్ళు పోసుకుని తర్వాత ఒళ్ళు తడుపుకుంటే చాలు అన్నారు ప్రవక్త. ఆయన మొత్తం స్నానానికి వాడిన నీళ్ళు ఒక ‘సా’, సుమారు మూడు లీటర్లు. మన ఇళ్ళలో మూడు నాలుగు చెంబులు. వేసవిలో కుళాయి రెండు రోజులకోసారి వచ్చే వీధుల్లోవాళ్ళకు ఆ లెక్క కూడా వేయండి, పనికొస్తుంది.

విజయనగరం నుంచి:
వేశాను. ఇవాళ రెండో ప్రూఫు వచ్చింది. వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: “కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు నిండు స్నానం (గుసుల్) చేస్తారు. జడ విప్పనవసరం లేదు. తల మీద మూడు దోసెళ్ళ నీళ్ళు పోసుకోవాలి.” రేగాకు పక్కన ప్రశ్నార్థకం పోయింది. అయితే కుర్రవాడు ఈసారి ‘జడ’ను ‘జాడ’ చేశాడు. మళ్ళీ పంపుతున్నాను.