విషస్య విషమౌషధమ్: విషమా, విషమమా?

కొబ్బరాకు: "శ్రూయతే హి పురా లోకే విషస్య విషమౌషధమ్". దీని పై సగం ఎవరికైనా గుర్తుందా? మా అక్కకు కీమోథెరపీ మొదలైంది. పలకరించడానికి వచ్చిన పెద్దాయన ఈ ముక్క చదివి, మొదటి సగం మరిచిపోయానంటూ వెళ్లిపోయారు. ఏ ఆయుర్వేద గ్రంథంలోదో!

తాళపత్రం: ఆయుర్వేదం కాదండీ, అచ్చమైన శృంగారం. "దృష్టిం దేహి పునర్బాలే కమలాయతలోచనే" అని పూర్వార్ధం. శృంగారతిలకంలోది. కాళిదాసు పేరిట చలామణి అవుతోంది, ఆయనదేనా అన్నది వేరే గొడవ. ఒక చూపుకే పడిపోయినవాడు ఇంకో చూపు కోసం బతిమాలుతున్నాడు. దీన్ని ఆసుపత్రి దాకా మోసుకొచ్చిన పుణ్యాత్ములెవరో!

సంధికార్యం: అసలు చిక్కు "మౌ" దగ్గర ఉంది. విషమ్, ఔషధమ్ అని అందరూ విడదీస్తారు, అంటే విషానికి విషమే మందు. విషమ, ఔషధమ్ అని విడదీసినా వృద్ధి సంధితో ఇదే రూపం వస్తుంది. అప్పుడు "విషానికి మందు విషమంగానే ఉంటుంది" అని అర్థం. కీమోకు ఇదే అతుకుతుంది. "పరిస్థితి విషమించింది" అని పత్రికలు రాసేదీ ఈ విషమమే, విషం కాదు.

తాళపత్రం: వ్యాకరణం ఒప్పుకున్నా కవి ఒప్పుకోడు. చూపు దెబ్బకు చూపే మందన్న చమత్కారం మీ వృద్ధి సంధిలో కొట్టుకుపోయింది.

కల్వం: ఫార్మసీ పాఠాలు చెప్పుకొనేవాణ్ణి, నా ఓటు విషానికే. మొదటి ప్రపంచ యుద్ధంలో మస్టర్డ్ గ్యాస్ తగిలిన సైనికుల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. దాని చుట్టమే నైట్రోజన్ మస్టర్డ్. 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో లింఫోమా అనే క్యాన్సర్ ఉన్న రోగికి ఎక్కించి చూశారు. అది డీఎన్ఏ రెండు పోగులనూ ఒకదానికొకటి బంధించేస్తుంది, ఇక కణం విభజన సాగదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సంధికార్యం: మరి తెల్లపాషాణం? ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ సాక్షాత్తూ విషమే. కానీ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో అది ఎదగక నిలిచిపోయిన కణాలను ఎదిగేలా చేస్తుంది. అక్కడ విషం విషంలా పనిచేయడం లేదు కదా!

భీమవరం బుల్లోడు: ఇంత మాట్లాడుకుని మా ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలవరా? అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందునే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు.

కల్వం: దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లం వేషం కట్టి ఎంజైముకు అతుక్కుంటుంది, కణానికి డీఎన్ఏ సరుకు అందదు. పెద్ద మోతాదులో ఇస్తే తర్వాత ల్యూకోవోరిన్ కూడా ఇచ్చి మామూలు కణాలను కాపాడతారు. మందుకే విరుగుడు కావలసి వచ్చిందంటే అది విషం కాక మరేమిటి?

కొబ్బరాకు: అక్కకు పాక్లిటాక్సెల్ ఇస్తున్నారు. అది ఏ పక్షం?

కల్వం: కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని గొట్టాలు లేస్తాయమ్మా, పని కాగానే విడిపోతాయి. పాక్లిటాక్సెల్ వాటిని విడిపోనివ్వదు. బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టీన్ అసలు లేవనే లేవనివ్వదు. ఎలాగైనా విభజన ఆగుతుంది. జుట్టు కుదుళ్లవీ త్వరగా చీలే కణాలే కాబట్టి జుట్టు రాలుతుంది. చికిత్స అయ్యాక సాధారణంగా మళ్లీ వస్తుంది.

తాళపత్రం: పెరట్లో ఉంది కదా అని బిళ్ళగన్నేరు ఆకు నమిలే ప్రబుద్ధులుంటారు. చెట్టు వేరు, కొలిచి ఎక్కించే మందు వేరు.

సంధికార్యం: రక్షక కణాలకు కళ్లెం వేసే పీడీ-1 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందులు క్యాన్సర్ కణాన్ని తామై చంపనే చంపవు. మన రక్షక కణాల చేతులు కట్టేసిన సంకెళ్లు విప్పుతాయి, అంతే. హొంజో, ఆలిసన్‌లకు 2018లో నోబెల్ వచ్చింది ఇలా సంకెళ్లు విప్పే దారి కనుక్కున్నందుకే. అక్కడ విషం ఎక్కడ? అయినా పేగులూ ఊపిరితిత్తులూ వాచే ప్రమాదం ఉంది కాబట్టి విషమమే. నా విరుపు గెలిచినట్టే!

కల్వం: తొందరపడకండి. యాంటీబాడీకి విషం కట్టి పంపే మందులున్నాయి. విడిగా ఇస్తే ఒళ్లు తట్టుకోలేనంత ఘాటు. ఉదాహరణకు, కొన్ని క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది, అలాంటి కణంలోకి చేరాకే ఆ విషం చాలామటుకు ఊడుతుంది.

పోతన గారి పాలేరు: విషాన్ని అందాకా పట్టి ఉంచడమంటే హాలాహలమే! "మ్రింగెడివాడు విభుండని, మ్రింగెడిదియు గరళమనియు, మేలని ప్రజకున్, మ్రింగుమనె సర్వమంగళ..." ఆహా! తెలిసి తెలిసి మింగమనడానికి ఎంత గుండె కావాలి! మంగళసూత్రాన్ని నమ్మడం ఒక్క పోతనకే తోచింది.

తాళపత్రం: "మేలని ప్రజకున్" దగ్గర మీరు ఆగిన తీరు నాకు నచ్చలేదు. అది "మ్రింగుమనె"తో కలిసి రావాలి. ప్రజకు మేలని మింగమంది. మీరు కామా పెట్టి వేరు చేశారు.

పోతన గారి పాలేరు: కామా నాది, పోతనది కాదు. అయినా కందంలో మూడో పాదం ఎక్కడ మొదలవుతుందో చూడండి. రెండో పాదం చివర ఊపిరి తీసుకోకుండా చదవగలరా?

సంధికార్యం: ఊపిరి సంగతి సరే, "వాఁడు"లో అరసున్న ఎగరగొట్టేశారేం?