పూర్తి మత్తులో ఎలక్ట్రో ఆక్యుపంక్చర్: బిస్ తగ్గితే సెవోఫ్లురేన్ తగ్గించవచ్చా?

కాకినాడ_పీజీ
నమస్కారమండి. అనస్థీషియా పీజీ థీసిస్ కోసం అడుగుతున్నాను. లాప్రోస్కోపీతో పిత్తాశయం తీసే కేసులు, వయసు 20 నుంచి 55. ఒక గుంపుకి ఆక్యుపంక్చర్ బిందువులైన ఎల్ఐ-4 (చేతి మీద), పీసీ-6 (మణికట్టు పైన), ఎస్టీ-36 (మోకాలి కింద), కనుబొమల మధ్య యిన్‌టాంగ్ దగ్గర సూదులు పెట్టి 2/100 హెర్ట్జ్ కరెంటు (ఇదే ఎలక్ట్రో ఆక్యుపంక్చర్), రెండో గుంపుకి సూదులు మాత్రమే. బిస్ (మత్తు నిద్ర లోతుని అంకెగా చూపే మానిటర్) 40 నుంచి 60 మధ్య ఉండేలా సెవోఫ్లురేన్ (పీల్చే మత్తు మందు) సర్దుతూ, ఎంత మందు మిగిలిందో లెక్కగడదామని ఆలోచన. సూదితో మగత నిజంగా లోతవుతుందా? కరెంటు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత ఇవ్వాలి? థియేటర్లో ఏం పొరపాట్లు జరుగుతాయో కూడా చెప్పండి.

అమలాపురం_మత్తు
ముందు ఒక తేడా పట్టుకోండి. నిద్ర, నొప్పి తెలియకపోవడం, కదలకపోవడం మూడూ వేరు. బిస్ చూపేది నిద్ర, అదీ నుదుటి ఈఈజీలో (మెదడు విద్యుత్ అలల్లో) కనబడినంత మేరకే. మ్యాక్ అనేది పీల్చే మత్తు మందు మోతాదుకి కొలత, కత్తి పెట్టినప్పుడు కదలకుండా ఉండటానికి ఎంత కావాలో చెబుతుంది, దాని పని ఎక్కువగా వెన్నుపాములో జరుగుతుంది. ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌కి గట్టి ఆధారం ఉన్నది నొప్పి వైపు. 2 హెర్ట్జ్‌కి ఎన్‌కెఫాలిన్, బీటా ఎండార్ఫిన్, 100 హెర్ట్జ్‌కి డైనార్ఫిన్ (మూడూ ఒంట్లోనే పుట్టి నొప్పి తగ్గించేవి) విడుదలవుతాయని పెకింగ్ యూనివర్సిటీలో హాన్ జిషెంగ్ బృందం చూపింది. 2/100 మార్చిమార్చి ఇవ్వడం అక్కడి నుంచే వచ్చింది. సూదితో తగ్గిన నొప్పి నలాక్సోన్ (మార్ఫిన్ లాంటి మందులకి విరుగుడు) ఇస్తే మళ్ళీ వస్తుందని 1977లో మేయర్, ప్రైస్, రఫీ మనుషుల్లోనే చూశారు.

మత్తు మందు ఆదా అవుతుందా అన్నచోట ఫలితాలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. 2002లో వాలంటీర్ల చెవి సూదులతో డెస్‌ఫ్లురేన్ (ఇంకో పీల్చే మత్తు మందు) అవసరం సగటున 8.5 శాతం తగ్గింది. అదే ఏడు ఎస్టీ-36, యాంగ్‌లింగ్‌క్వాన్, కున్‌లున్ అనే కాలి బిందువుల దగ్గర కరెంటు ఇచ్చి చూస్తే ఏమీ తగ్గలేదు. 2003లో స్వీడన్ వాళ్ళు లాప్రోస్కోపీ స్టెరిలైజేషన్ కేసుల్లో చూస్తే, కోతకి కదలకుండా ఉండటానికి సెవోఫ్లురేన్ తగ్గకపోగా పెరిగింది. కాబట్టి "సూది పెడితే మత్తు లోతవుతుంది" అని మీ థీసిస్ మొదటి వాక్యంలో రాసేయకండి.

మరి ఆపరేషన్ మధ్యలో బిస్ ఎందుకు తగ్గుతుంది అంటారా? ట్రోకార్ (పొట్టలోకి దింపే గొట్టం) దిగినప్పుడు, పొట్టలో గ్యాస్ నింపినప్పుడు నొప్పి సంకేతం మెదడుని లేపుతుంది, బిస్ పైకి పోతుంది. సూది ఆ లేపడాన్ని తగ్గిస్తే అంకె కింద ఉండిపోతుంది. చూడ్డానికి మగత పెరిగినట్టే ఉంటుంది గానీ, అక్కడ పనిచేసింది నొప్పి మందు లాంటి గుణం. ఈ రెండూ విడదీయాలంటే నిద్రపుచ్చాక, కోతకి ముందు, ఎవరూ రోగిని ముట్టుకోకుండా 10 నిమిషాల బిస్ విడిగా తీసుకోండి. నిజమైన మగత ఉంటే అక్కడే కనబడాలి.

భీమవరం_ఓటీ_టెక్
యిన్‌టాంగ్ సంగతి చెబుతానండి. బిస్ స్టిక్కర్‌లో మొదటి ఎలక్ట్రోడ్ ముక్కు మొదలుకి 5 సెంటీమీటర్ల పైన, నాలుగోది కనుబొమ పైన ఉంటాయి. వాటి పక్కనే మీరు కరెంటు పెడుతున్నారు. 2 హెర్ట్జ్ పల్స్ డెల్టా అలల పట్టీలో పడి బిస్‌ని ఉత్తినే కిందికి లాగవచ్చు. 100 హెర్ట్జ్ అయితే మానిటర్ ఈఎంజీ (కండరాల విద్యుత్ సంకేతం) కింద చదివే 70 నుంచి 110 హెర్ట్జ్‌లో పడుతుంది, అప్పుడు బిస్ పైకి పోతుంది. రెండూ మందుతో సంబంధం లేనివే. నుదుటి మీద కరెంటు వద్దండి. యిన్‌టాంగ్ నొక్కితే మెలకువగా ఉన్న వాలంటీర్లలో బిస్ తగ్గిందని 2003లో వచ్చిన మాట నిజమే, కానీ అది వేలితో నొక్కింది.

చేతికి, కాలికి పెట్టినా ఒకసారి పరీక్షించుకోండి. మెషిన్ 30 సెకన్లు ఆపి, మళ్ళీ వేసి, తెరమీద ఈఈజీ గీత చూడండి. ఆన్ చేయగానే సమాన దూరంలో ముళ్ళు కనబడితే ఆ అంకె రాయకూడదు. సిగ్నల్ క్వాలిటీ 50 లోపుంటే కూడా అంతే. బిస్‌తోపాటు ఈఎంజీ డెసిబెల్స్ పక్క గడిలో తప్పనిసరిగా వేయండి.

స్టిక్కర్ సరిగా అంటుకోకపోవడం మన వైపు పెద్ద బాధ. కొబ్బరినూనె, బొట్టు, విభూతి, దానికి తోడు ఉక్కకి చెమట. స్పిరిట్‌తో తుడిచి, ఆరాక గాజ్ గుడ్డతో గట్టిగా రుద్ది, అప్పుడు అంటించండి. తడి మీద అంటిస్తే అరగంటలో లేచిపోతుంది.

మెషిన్ బ్యాటరీదే వాడండి, గోడ ప్లగ్గుది వద్దు. బ్యాటరీ దిగితే నాబ్ అదే చోట ఉన్నా కరెంటు తగ్గుతుంది, అందుకే రోజూ కొత్తది. ఆన్ చేసే ముందు నాబులన్నీ సున్నాలో ఉండాలి. రెండు వైపులా తిరిగే పల్స్ ఇచ్చే మెషిన్ తీసుకోండి. ఒకే దిశలో పోయే కరెంటుకి సూది తుప్పు పట్టి విరగవచ్చు, చర్మమూ కాలుతుంది. ప్లాస్టిక్ పిడి సూదులకి క్లిప్ పెడితే కరెంటు పోదు, లోహపు పిడి కావాలి. క్లిప్ బరువుకి సూది వంగిపోతుంది, వైరుని ఒక చుట్టు తిప్పి చర్మానికి టేపు వేయండి.

ఇక కాటరీ (కరెంటుతో కోసి, రక్తం ఆపే పరికరం). రోగికి అంటించే దాని ప్లేటు సరిగా అంటకపోతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, సన్నని సూది మొన దగ్గర చర్మం కాలుతుంది. ప్లేటు పూర్తిగా అంటిందో లేదో మెషిన్ లైటు చూసి ఖాయం చేసుకోండి. ప్లేటుకీ కాటరీ వాడే చోటుకీ మధ్య దారిలో సూదులు పడకుండా చూడండి.

కాకినాడ_పీజీ
యిన్‌టాంగ్ తీసేస్తున్నానండి. ఒకటి మిగిలింది. అట్రాక్యూరియం (కండరాలు కదలకుండా చేసే మందు) ఇచ్చాక బొటనవేలు ఎగరదు కదా, కరెంటు చాలిందో లేదో ఎలా తెలుస్తుంది?

రాజమండ్రి_సీనియర్
నిద్రపుచ్చక ముందే తేల్చుకోవాలి తమ్ముడూ. 25 నుంచి 30 నిమిషాల ముందు మొదలుపెట్టండి, ఎండార్ఫిన్లు పైకి రావడానికి ఆ మాత్రం పడుతుంది. 0.25 మిల్లీమీటర్ల సూది చాలు. మెల్లగా పెంచుతూ బొటనవేలు ఎగిరి, రోగి "గట్టిగా ఉంది గానీ నొప్పి లేదు" అనేచోట ఆపండి. మామూలుగా 1 నుంచి 3 మిల్లీఆంపియర్లలో పడుతుంది. 5 నిమిషాల్లో అలవాటుపడతారు, ఒకసారి కొంచెం పెంచి ఆ అంకె రాసి స్థిరపరచండి. వేలు ఎగరడం లేదని మందు ఇచ్చాక పెంచడమే అందరూ చేసే తప్పు. మిడజోలం (మగత మందు) ముందుగా ఇవ్వకండి, రోగి చెప్పే మాట నమ్మడానికి వీలుండదు, బిస్ కూడా పాడవుతుంది. గంటలకొద్దీ ఆపకుండా ఇస్తే సీసీకే (నొప్పి తగ్గించే ఫలితానికి ఎదురు పనిచేసే పదార్థం) పెరిగి ఫలితం పడిపోతుందని హాన్ ఎలుకల్లో చూపారు. 30 నిమిషాలు ముందు, తరువాత ఆపరేషన్ ముగిసేదాకా చాలు.

పీసీ-6 మణికట్టు మడతకి రెండు చున్ల (ఆక్యుపంక్చర్ కొలత) పైన, రెండు స్నాయువుల మధ్య. రోగి చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ళు మూడూ పక్కపక్కన పెడితే రెండు చున్లు, మీ వేళ్ళతో కొలవొద్దు. కింద మీడియన్ నరం ఉంటుంది. వేళ్ళలోకి జివ్వుమంటే కొంచెం వెనక్కి లాగండి. బీపీ కఫ్ లేని చేయి, కాన్యులా లేని చేయి చూసుకోండి. ఒక జత వైర్లు ఒకే అవయవానికి: చేతిలో ఎల్ఐ-4, పీసీ-6, కాలిలో ఎస్టీ-36, దానికి జతగా చీలమండ పైని ఎస్పీ-6. ఎడమ నుంచి కుడికి గుండె మీదుగా కరెంటు పోనివ్వకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, రక్తం పల్చబడే మందులవాళ్ళు అధ్యయనంలో వద్దు. చేతులు ఒంటికి కట్టి ఉంచే కేసైతే సూది బదులు చర్మానికి అంటించే ప్యాడ్లు. అయితే నాట్లు వేసే చేతుల చర్మం మందం, ప్యాడ్‌కి ముందు గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడిగి తుడవాలి.

మందులు ఇద్దరికీ ఒకేలా ఉండాలి. నొప్పి మందు ఫెంటనిల్ కిలోకి 2 మైక్రోగ్రాములు, నైట్రస్, కెటమిన్, డెక్స్‌మెడెటోమిడిన్ లేకుండా. అట్రాక్యూరియంతో ఈఎంజీ తగ్గితే బిస్ దానంతటదే కొంత దిగుతుంది, కాబట్టి పోలిక ఒకే టీఓఎఫ్ (కండరాలు ఎంత సడలాయో చూపే నరం పరీక్ష) దగ్గర చేయండి. రోజూ తాగేవాళ్ళకి మత్తు ఎక్కువ పడుతుంది. "తాగుతారా" అని అడిగితే లేదంటారు, "కల్లు? బ్రాందీ? వారానికి ఎన్నిసార్లు?" అని విడివిడిగా అడగండి. కరెంటు అనగానే షాక్ ట్రీట్‌మెంట్ అనుకుని భయపడతారు. సమ్మతి పత్రం ఇచ్చేటప్పుడు మీ చేతికే ఒకసారి పెట్టి చూపించండి.

అన్నిటికన్నా ముఖ్యం, బిస్ 35 కనబడిందని సెవోఫ్లురేన్ తగ్గించుకుంటూ పోవద్దు. ఆపరేషన్ మధ్య తెలివి రాకుండా చూసిన పెద్ద అధ్యయనాల్లో వయసుకి సర్దిన మ్యాక్ 0.7 కిందికి వస్తే అలారం పెట్టుకున్నారు. మీరూ ఆ గీత దాటకండి, సూది గుంపులో కూడా. దానికి తగ్గట్టు నియమం రాసి, మొదటి రోగి చేరకముందే సీటీఆర్‌ఐలో (దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీలో) నమోదు చేయించండి.

అమలాపురం_మత్తు
ఇంకోటి. ఈ ఆపరేషన్‌లో వాంతులు ఎక్కువ. పీసీ-6కి ఆధారం మగత కన్నా వాంతుల విషయంలోనే బలంగా ఉంది. 2007లో పీసీ-6 మీదే నరం మానిటర్ పెట్టి, 1 హెర్ట్జ్ ఇచ్చినంత మాత్రానికే ఆపరేషన్ తరువాత ముఖ్యంగా వికారం తగ్గింది. మొదటి 24 గంటల వికారం, వాంతులు, వాంతులు ఆపడానికి ఇచ్చిన ఓన్డాన్‌సెట్రాన్ లెక్క, నొప్పి మందు ట్రమడాల్ అడిగిన సమయం కూడా మీ పట్టికలో చేర్చండి. వార్డులో లెక్క తీసుకునే నర్సుకి ఎవరికి కరెంటు ఇచ్చారో తెలియకూడదు. మెషిన్ లైటు ఇద్దరికీ వెలిగించి, గుడ్డ కప్పి, రెండో గుంపుకి లోపల వైరు ఊడదీసి ఉంచండి.